రెండు గీతల పీపా

యానాం నుంచి కాకినాడ బస్సు పొద్దున ఆరింటికని అందరూ చెబుతారు. నమ్మి పరుగెత్తకండి. డ్రైవరు కాఫీ తాగి, బీడీ కాల్చి, మళ్లీ కాఫీ తాగాక ఆరున్నరకు కదిలింది. అది 1949 ఫిబ్రవరి నెల. నాకు నలభై ఎనిమిదేళ్లు. ఆడపిల్లల బడిలో కుట్టుపని నేర్పే ఉద్యోగానికి పది రోజులు సెలవు పెట్టి, ఒక చేతిసంచీ, దుప్పటి, గుర్తింపు కాగితాలు, మా ఇంటి వంశావళి పుస్తకం పట్టుకుని హైదరాబాదు రాష్ట్రంలోని కోదాడ వైపు బయల్దేరాను. అంత దూరం ఒంటరిగా వెళ్లడం అదే మొదలు.

ఎందుకు వెళ్లానో ముందు చెప్పాలి. మా ఇంటిపేరు మొరెల్. ఆ పేరు వినగానే జనం దొరలనుకుంటారు. అయిదు తరాల కిందట ఫ్రాన్సులో ద్రాక్షసారా తీసే ఒక ఊరి నుంచి ఓడెక్కి పుదుచ్చేరి, అక్కణ్నుంచి యానాం చేరిన పీపాల పనివాడు మా మూలపురుషుడు. నీళ్లకీ, సారాకీ, ఉప్పు వేసిన మాంసానికీ ఓడల వాళ్లకు పీపాలు కావాలి గనక అతన్ని తెచ్చుకున్నారు. అతను ఇక్కడి పిల్లనే చేసుకున్నాడు. అతని కొడుకులూ, మనవలూ అంతే. ఇప్పుడు మాకు మిగిలిన ఫ్రెంచితనమంతా ఒక ఇంటిపేరు, నాన్న ఆదివారం పెట్టుకునే టోపీ, పీపాల పని. ఇంట్లో మాట్లాడేది తెలుగు, తినేది చేపల పులుసు.

పీపాను అందరూ చూసే ఉంటారు గానీ కట్టడం చూసినవాళ్లు తక్కువ. టేకు పలకల్ని నడుమ వెడల్పుగా, కొసలు సన్నగా చెక్కి, గుండ్రంగా నిలబెట్టి, లోపల మంట పెట్టి, పైన నీళ్లు చల్లుతూ వంచి, ఇనుప పట్టీలు బిగిస్తారు. మేకు ఉండదు, జిగురు ఉండదు. మూత పలకల సందుల్లో ఎండిన జమ్ము గడ్డి కూరుతారు. అంతా అయ్యాక కాల్చిన ఇనుముతో మూత మీద పనివాడి ముద్ర వేస్తారు. మా వంశపు ముద్ర ఒక సున్న. దాని కింద గీతలు మనిషిని బట్టి మారుతాయి. మా నాన్న జోసెఫ్‌ది ఒక గీత. ఆయన తమ్ముడు అంత్వాన్‌ది రెండు గీతలు.

మా వాళ్లలో ఒక ఆచారం ఉంది. ముద్ర మనిషి బతికున్నన్నాళ్లే. అతను పోయిననాడు ఆ ముద్ర ఇనుమును శవపేటికలో కుడిచేతి పక్కన పెట్టి పూడ్చేస్తారు. కొడుకైనా సరే దాన్ని వాడడు, వేరేది చేయించుకుంటాడు. మా తాతను అలా సాగనంపడం నేను కళ్లారా చూశాను.

చిన్నాన్న ఇల్లు వదిలి నలభై ఏళ్లు. అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. మా కొట్టుకు జమ్ము కోసి తెచ్చే మనిషి కూతురు సుబ్బమ్మను చేసుకుంటానన్నాడు. పాతికేళ్లు నిండని వాడి పెళ్లికి యానాం ఫ్రెంచి కచేరీలో ఇంటి పెద్ద సంతకం పెట్టాలి. తాత పోయాడు గనక పెట్టాల్సింది నాన్న. పెట్టలేదు. జమ్ము మోసేవాడు మనకు వియ్యంకుడా అన్నాడు. ఆ వారంలోనే చిన్నాన్న, సుబ్బమ్మ వెళ్లిపోయారు. హైదరాబాదు రాష్ట్రంలో ఎవరో సారా గుత్తేదారు పీపాలు కట్టేవాణ్ని వెతుకుతున్నాడని మాత్రం విన్నాం. వంశావళి పుస్తకంలో చిన్నాన్న పేరు కింద భార్యకూ పిల్లలకూ వదిలిన చోటు ఖాళీగా ఉండిపోయింది.

మొన్న జనవరిలో యానాం నూనె కొట్టుకు కోదాడ నుంచి ఆముదం పీపా ఒకటి వచ్చింది. నాన్నకు ఎనభై ఏళ్లు, కర్ర లేనిదే నడవలేడు. ఆ పీపా దగ్గర అరగంట నిలబడ్డాడు. సున్న, కింద రెండు గీతలు. పలకలు ఇంకా తెల్లగా ఉన్నాయి, జమ్ము పచ్చివాసన పోలేదు. కట్టి రెండు మూడు నెలలు కూడా అయ్యుండదు.

"అంత్వాన్ బతికే ఉన్నాడు" అన్నాడు ఇంటికొచ్చి. కర్ర గోడకు ఆనించి, "అమ్మడూ, నేనిది చూడటం మొదటిసారి కాదు" అన్నాడు. "పన్నెండేళ్ల కిందట కాకినాడ రేవులో చూశాను. ఇవే రెండు గీతలు. చేత్తో తడిమి చూసి, ఇంటికొచ్చేశాను."

"మాకెందుకు చెప్పలేదు నాన్నా?"

"వాడే రావాలనుకున్నాను."

నాకు కోపం వచ్చింది. ఆయన నా ముందు తల వంచుకుని కూర్చునేసరికి ఆ కోపం ఎక్కడ పెట్టాలో తెలియలేదు. "నువ్వెళ్లు" అన్నాడు. "తప్పు నాదేనని చెప్పు. పేర్లు రాసుకురా. రాగలిగితే వాణ్ని తీసుకురా, ఒక్కసారి చూస్తాను." ఈ యాత్రకు కారణం ఇంతే.

కాకినాడలో ఎనిమిదిన్నరకు దిగి, సామర్లకోట వెళ్లి, పదకొండింటి బండి పట్టుకున్నాను. ఆడవాళ్ల పెట్టెలో చోటు బాగానే దొరికింది. ఏలూరు వెళ్తున్న ఒకావిడ ఆవకాయ జాడీని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను హైదరాబాదు రాష్ట్రంలోని కోదాడ పోతున్నానని విని జాడీని ఇంకాస్త దగ్గరకు లాక్కుంది.

"అక్కడ గొడవలింకా సద్దుమణగలేదంట కదండీ. మగతోడు లేకుండా ఎలా వెళ్తారు?"

మగవాళ్లు పాడుచేసిన పని సర్దడానికే వెళ్తున్నానని నోటిదాకా వచ్చింది. "దేవుడున్నాడండీ" అని ఊరుకున్నాను. ఏలూరు దగ్గరపడ్డాక ఆవిడ ఒక ఆవకాయ ముక్క, రెండు ముద్దల అన్నం ఆకులో పెట్టి ఇచ్చింది. బెజవాడ చేరేసరికి సాయంత్రం అయిదైంది. స్టేషను దగ్గర సత్రంలో ఆడవాళ్లకు వేరే గది ఉంది. నల్లులు కూడా ఉన్నాయి, దుప్పటి వెంట తీసుకెళ్లండి.

మర్నాడు ఏడింటికి కోదాడ బస్సు. నందిగామ దాటాక నేల రంగు మారుతుంది. జగ్గయ్యపేట తర్వాత హైదరాబాదు రాష్ట్రపు సరిహద్దు నాకా. అందరినీ దింపి మూటలు విప్పించారు. పోలీసు చర్య జరిగి ఆర్నెల్లు కూడా కాలేదు, మిలిటరీ జవాన్లు కూడా అక్కడే నిలబడి ఉన్నారు. నాకా గుమాస్తా నా సంచీలోంచి వంశావళి పుస్తకం తీసి, పేజీలు తిప్పి, "ఏందమ్మా ఇది?" అన్నాడు.

"మా ఇంట్లో పుట్టినవాళ్ల పేర్లు, పోయినవాళ్ల పేర్లు."

"గింతమంది సచ్చినోళ్లను మోస్కపోతున్నవా" అని నవ్వి తిరిగి ఇచ్చేశాడు. అక్కడే మన రూపాయలు ఇచ్చి నిజాం హాలీ రూపాయలు తీసుకోవాలి. లోపల ఊళ్లలో మన డబ్బు కొందరు తీసుకుంటారు, కొందరు తీసుకోరు.

కోదాడ చేరేసరికి పదకొండు. బస్సులు ఆగేచోట హోటల్లో పెసరట్టు తిని ఆముదం వ్యాపారి కొట్టు ఎక్కడని అడిగాను. రెండు వీధుల అవతలే. కొట్టు వెనక షెడ్డులో ఆరు పీపాలు వరసగా ఉన్నాయి, ఆరింటి మీదా రెండు గీతలు. నేను పీపాల మధ్య పెరిగినదాన్ని. వంగి వాసన చూశాను, పట్టీ మీద వేలు పెట్టి చూశాను. పని నిక్కచ్చిగా ఉంది. ముద్ర మాత్రం కొంచెం కుడికి ఒరిగి, లోతుగా కాలింది. చిన్నాన్నకు పెద్దతనం వచ్చింది, చెయ్యి బరువెక్కింది అనుకున్నాను. ఆ ఒరిగిన ముద్ర చూస్తుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. కొట్టు యజమాని మర్యాదస్తుడు, స్టూలు వేయించాడు.

"పీపాల దొర సరుకమ్మా అది. చుక్క కారదు" అన్నాడు.

"ఆ దొరను మీరు చూశారా?"

"నేనెక్కడ చూశానండి. సూర్యాపేట డిపో నుంచి వస్తయి. ఇగ ఇవే ఆఖరనుకోండి. మిలిటరీ వాళ్లు వాడి పడేసిన ఇనుప డ్రమ్ములు సగం ధరకే దొరుకుతుంటే పీపాలెవరు కొంటారు?"

రెండింటికి సూర్యాపేట బస్సు దొరికింది. బొగ్గు గ్యాసుతో నడిచే బస్సు. ఎత్తు వచ్చినప్పుడల్లా మూలిగి, ఒకచోట అందరినీ దింపింది. దారికి రెండు పక్కలా ఆముదం చేలు, తాటిచెట్లు, బోడి గుట్టలు. నా పక్కన కూర్చున్న ఆమెది చివ్వెంల దగ్గర పల్లె. ఒళ్లో గుడ్డమూటలో జొన్నరొట్టెలున్నాయి. ఎవరికని అడిగాను.

"నా పెనిమిటికి. పోయినేడు పట్కపోయిండ్రు. సూర్యాపేట జైలుల ఉన్నడో, ఏడున్నడో. పేరు చెప్తే కాయితంల సూస్తరంట."

"ఇంతకుముందు వెళ్లారా?"

"మూడు మాట్ల పోయిన. పేరు లేదన్నరు. గీ మాటు ఉంటదేమో."

ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆమె ఒక రొట్టె విరిచి సగం నా చేతిలో పెట్టింది. ఆయన కోసం చేసింది నేనెలా తినను అంటే, "తిను, ఇంకా ఉన్నయ్" అంది. అయిదున్నరకు సూర్యాపేటలో దిగి ఆమె ఒక దారిన, నేను ఒక దారిన పోయాం. వెనక్కి తిరిగి చూస్తే ఆమె అప్పటికే జనంలో కలిసిపోయింది.

సూర్యాపేటలో ఒంటరి ఆడదానికి బస కష్టం. చర్చి పక్కనున్న బడి పంతులమ్మ మా బడి పేరు విని తన ఇంట్లో చోటిచ్చింది. మర్నాడు పొద్దున ఎనిమిదింటికల్లా నూనె డిపోకు వెళ్లాను. అక్కడ లెక్కలు రాసే మున్షీ ఇరానీ చాయ్ తాగుతూ నన్ను ఎగాదిగా చూశాడు.

"పీపాల దొరా? మిర్యాలగూడల ఉంటరు. నెలకోపాలి బండి మీద మాల్ వస్తది. దొర బిడ్డనే తోల్కొస్తది. జబర్దస్త్ మనిషి, బేరంల ఒక్క పైస ఇడ్వదు."

"దొర రాడా?"

"నేను గీడ నౌకరీల చేరి రెండేండ్లే అయితంది. నేనైతె సూడలె. ముసలాయన గద, ఇంటికాడనే ఉంటడేమో."

నాకు ప్రాణం లేచివచ్చింది. చిన్నాన్నకు కూతురుంది. బేరాలాడే కూతురుంది. బజారులో ఆమెకని ఒక రవికె గుడ్డ, చిన్నాన్నకని ఒక ఉన్ని శాలువా కొన్నాను. పిన్నికి గాజులు కొందామనుకున్నాను గానీ చేతుల కొలత తెలియక మానేశాను. చిన్నప్పుడు ఆవిడ మా కొట్టు అరుగు మీద కూర్చుని జమ్ము చీలుస్తుంటే ఆవిడ ఒళ్లో కూర్చుని నేనూ చీల్చేదాన్ని. ఆవిడ ముఖం గుర్తులేదు, చేతుల్లో జమ్ము వాసన గుర్తుంది.

ఒంటి గంటకు మిర్యాలగూడ బస్సు. మూసీ దగ్గర అందరినీ దింపారు. నీళ్లు మోకాలి లోతు కూడా లేవు. బస్సు ఖాళీగా దాటింది, మేము చెప్పులు చేతబట్టుకుని దాటాం. దారంతా నేను మాటలు కూర్చుకుంటూనే ఉన్నాను. చిన్నాన్న గుమ్మంలోంచి పొమ్మంటే ఏం చెప్పాలి, కోప్పడితే ఏం చెప్పాలి, ఏడిస్తే ఏం చెప్పాలి. అన్నిటికీ జవాబులు సిద్ధం చేసుకున్నాను. నాలుగున్నరకు మిర్యాలగూడలో దిగాను.

పీపాల దొర ఇల్లు ఎవరినడిగినా చెబుతారు. ఊరి చివర, కట్టెల అడితి దాటాక. ఇల్లు కనపడకముందే చప్పుడు వినపడింది. ఇనుప పట్టీ మీద సుత్తి దెబ్బలు, రెండు కొట్టి ఒక క్షణం ఆగి మళ్లీ రెండు. మా నాన్న కొట్టే తీరే అది. తాత ఇద్దరికీ అలాగే నేర్పాడు. నేను దాదాపు పరుగెత్తాను.

పాక కింద పీపా చుట్టూ తిరుగుతూ సుత్తి కొడుతున్నది ఒక ఆడమనిషి. ముప్పై దాటి ఉంటాయి. చీర మోకాళ్ల పైకి బిగించి కట్టింది. ఆమె ముఖంలో మా తాత ముక్కు ఉంది. ఎడంచేత్తో సుత్తి పట్టుకుని నావైపు చూసింది.

"ఎవరు గావాలె?"

"యానాం నుంచి వచ్చాను. మీ నాన్న అంత్వాన్‌కు నేను అన్న కూతుర్ని. చిన్నాన్న ఏరీ?"

ఆమె సుత్తి కింద పెట్టింది. ఇంట్లోకి చూసి, "అమ్మా" అని పిలిచింది. గడపలో ఒక ముసలావిడ గోడ పట్టుకుంటూ వచ్చి నిలబడింది. కళ్లకు పొరలు కమ్మాయి. "యానాం అన్నదా?" అని అడిగింది. నేను దగ్గరకు వెళ్లి, "పిన్నీ, నేను క్లారాను" అన్నాను. ఆవిడ నా ముఖమంతా చేత్తో తడిమింది.

"ఆయన లేడు బిడ్డా" అంది. "మూడేండ్లాయె."

సిద్ధం చేసుకున్న జవాబుల్లో దీనికి జవాబు లేదు. మూడేళ్లేమిటి, మొన్న జనవరిలో ముద్ర చూశామే, జమ్ము ఇంకా పచ్చివాసన వేస్తోందే అని పిచ్చిదానిలా వాదించాను. అప్పుడు ఆ కూతురు, మరియ, లోపలికి వెళ్లి ముద్ర ఇనుము తెచ్చి నా ముందు పెట్టింది. సున్న, రెండు గీతలు. పిడి కర్ర కొత్తది. ఎడంచేతి వాటం మనిషి వేస్తే ముద్ర కుడికి ఒరుగుతుందని అప్పుడు అర్థమైంది. నేను కోదాడలో కళ్లనీళ్లు పెట్టుకున్నది చిన్నాన్న చేతి ముద్ర చూసి కాదు.

"దాన్ని ఆయనతో పెట్టలేదా? పేటికలో పెట్టాలి కదా" అన్నాను. మేము వాళ్లకేమీ కానట్టు నలభై ఏళ్లు ఊరుకుని, వచ్చీ రాగానే ఆచారం గురించి నిలదీశాను. ఆ మాటకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

మరియకు కోపం రాలేదు. "నాయననే వద్దన్నడు. పానం పోయే ముందుగాల నన్ను పిలిసి, ముద్ర నాతోని పెట్టకు, కొడుతనే ఉండు అన్నడు. మా అన్నకు కనవడితె వస్తడు, ముద్ర ఆగితె ఇగ రాడు అన్నడు."

ఆ ఇనుమును చేతిలోకి తీసుకున్నాను. మా నాన్న ఆ ముద్రను చూసి తమ్ముడు బతికున్నాడని నమ్మాడు. ముద్ర పడిందంటే మనిషి ఉన్నాడనే మా ఇళ్లలో లెక్క. చిన్నాన్నకు ఆ లెక్క తెలుసు. తెలిసే కూతురికి అలా చెప్పాడు.

ఆ రాత్రి జొన్న గటక, పచ్చిపులుసు పెట్టారు. నేను తినలేకపోతుంటే పిన్ని పక్కన కూర్చుని తినమంది. తెచ్చిన శాలువా ఆవిడ భుజాల మీద కప్పాను. మర్నాడు పొద్దున సమాధుల తోటకు వెళ్లాం. రాయి లేదు, నాలుగు ఇటుకలు, ఒక టేకు శిలువ. మరియ చెక్కిందట. మోకరించి నాన్న మాటలు చిన్నాన్నకు చెప్పాను. తప్పు నాదే అన్నాడు మా నాన్న, పేర్లు రాస్తానన్నాడు, ఒక్కసారి రమ్మన్నాడు అని పైకే చెప్పాను. నా పక్కన నిలబడి పిన్ని అంతా విన్నది.

ఇంటికొచ్చి వంశావళి పుస్తకం తెరిచాను. చిన్నాన్న పేరు కింద ఖాళీ చోటు. సిరా బుడ్డి మూత తీస్తుంటే పిన్ని చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దు బిడ్డా. ఆయన ఉన్నప్పుడు రాయని పేర్లు ఇప్పుడు రాసి ఏం జేస్తరు? మాకు గీడ ఎవ్వలు తక్వ జెయ్యలె. నా పెండ్లి గీ ఊరి చర్చి బుక్కుల ఉన్నది. నాకు గది సాలు."

ఆవిడ మాటలో కోపం లేదు. నేను బతిమాలాను. నాన్న ఎనభై ఏళ్ల మనిషని, ఆ చోటు నింపుకురాకపోతే మనశ్శాంతిగా పోలేడని చెప్పాను. మరియ ఒక మూల కూర్చుని జమ్ము చీలుస్తోంది. పిన్ని భుజాల మీది శాలువా సర్దుకుంది. తర్వాత నావైపు తిరిగి అడిగింది. అంతసేపూ ఇక్కడి మాటే మాట్లాడిన మనిషి, ఆ ఒక్కటీ మా యానాం మాటలో అడిగింది.

"ముప్పై ఏళ్లకు పైగా ముద్ర లేని పీపా గడప దాటనివ్వలేదే అమ్మా ఆయన. అన్నీ తూర్పుకే పంపించేవాడు. అన్నయ్య చూస్తాడు, వస్తాడు అనేవాడు. ఇన్నేళ్లలో ఒక్కటైనా మీ కంటబడలేదా?"

కాకినాడ రేవులో నాన్న చేత్తో తడిమిన పీపా నా కళ్ల ముందు నిలిచింది. నాన్న దాన్ని తడిమిన రోజున చిన్నాన్న ఈ పాక కింద సుత్తి కొడుతూ ఉండి ఉంటాడు.

"లేదు పిన్నీ" అన్నాను. "మొన్న జనవరిలోనే మొదటిసారి వచ్చింది. చూడగానే నాన్న నన్ను పంపేశాడు."

ఆవిడ ముఖం తేటపడింది. ఆ తేటదనం చూడలేక పుస్తకం వైపు తల వంచుకున్నాను.

"గట్లనే అనుకున్న" అంది. "సూస్తే రాకుంటడా. సొంత తమ్ముడాయె." కొంగుతో కళ్లు తుడుచుకుని, అడ్డంగా పెట్టిన చెయ్యి తీసేసింది. "రాయి బిడ్డా. నా పేరు సుబ్బమ్మ. గిది మరియ. దాని ముందుగాల ఒక కొడుకు పుట్టి ఏడాదికి పోయిండు. వాని పేరు గూడ రాయాలె."

"పేరేంటి పిన్నీ?"

"జోసెఫ్" అంది. "అన్న పేరే పెట్టుకున్నడు."

మూడు పేర్లు రాశాను. ఇసక చల్లి ఆరబెట్టాను. నా జీవితంలో అంత మంచి దస్తూరీ ఎప్పుడూ రాలేదు. ఆ మూడు పేర్లూ ఒక అబద్ధం చెప్పి రాసుకున్నవి.

ముద్ర ఇనుము ఏం చేస్తారని మరియను అడిగాను. "ఇంకో పదిహేను పీపాల పలకలు ఉన్నయ్ అక్కా. గవి కొట్టినంక డిపోవాళ్లు ఇగ తీస్కోరంట. అప్పుడు నాయన కాడ పెడుత" అంది. ఆ తర్వాత ఎలా బతుకుతారని అడిగితే, కట్టెల అడితిలో కోత పనికి పిలుస్తున్నారని చెప్పింది. యానాం రమ్మన్నాను. పిన్ని రానంది. ఆయన ఇక్కడున్నాడు కదా అంది.

మిర్యాలగూడ చేరిన మూడో రోజు పొద్దున ఏడున్నరకు హుజూర్‌నగర్ మీదుగా కోదాడ పోయే బస్సు. తిరిగి వచ్చేవాళ్లకు ఈ దారే మేలు, సూర్యాపేట చుట్టు తప్పుతుంది. మరియ నా సంచీ పట్టుకుని బస్సుదాకా వచ్చింది. నేనిచ్చిన రవికె గుడ్డ అప్పటికే కుట్టుకుంది, చేతులు కొంచెం బిగువయ్యాయి. కుట్టుపని నేర్పేదాన్ని నేనుండి నాకివ్వకుండా రాత్రికి రాత్రే కుట్టేసుకుంది. బస్సు కదలడానికి ఇంకా సమయం ఉంది. ఆమె కిటికీ దగ్గర నిలబడి మెల్లగా అంది.

"అక్కా, మా పీపాలు యేటేట కాకినాడ రేవుకే పోతుండె. నాయన కావాల్నని గాడికే పంపిచ్చెటోడు. వాళ్లన్న ఆదివారం ఆదివారం రేవుకు పోతడని ఆయనకెర్కే."

నేను ఆమె ముఖంలోకి చూడలేకపోయాను. నాన్న నిజంగానే ప్రతి ఆదివారం టోపీ పెట్టుకుని, బస్సెక్కి కాకినాడ రేవుకు వెళ్లేవాడు, కాళ్లు సహకరించినన్నాళ్లూ. ఓడలు చూడటానికని మేము అనుకునేవాళ్లం.

"అమ్మకు గది తెల్వదు" అంది మరియ. "తెల్వకుండనే ఉండనీ." కిటికీ ఊచ మీద ఉన్న నా చెయ్యి మీద చెయ్యి వేసి, బస్సు కదిలేదాకా తీయలేదు.

హుజూర్‌నగర్‌లో పావుగంట ఆగాం. వరి మూటలు బస్సు పైకెక్కించారు. కోదాడలో పది దాటింది. ఆముదం కొట్టు ముందునుంచే నడిచాను గానీ లోపలికి వెళ్లలేదు. నాకాలో అదే గుమాస్తా నన్ను గుర్తుపట్టి, "దొరికిండ్రా మీవోళ్లు?" అని అడిగాడు. దొరికారన్నాను. పుస్తకం విప్పకుండానే పంపేశాడు. బెజవాడలో మధ్యాహ్నం బండి దొరికింది, రాత్రి సామర్లకోటలో ఆడవాళ్ల గదిలో బెంచీ మీద పడుకుని, పొద్దున కాకినాడలో యానాం బస్సెక్కాను.

ఈ దారిన వెళ్లే ఆలోచన మీకుంటే భయపడకండి. రోడ్లు బాగాలేవు, బస్సులు సమయానికి రావు, మిలిటరీ వాళ్లు మూటలు విప్పిస్తారు. అయినా నేను అడిగినచోటల్లా దారి చెప్పారు, ఆకలైనచోటల్లా పెట్టారు. జైలు కాగితాల్లో మొగుడి పేరు వెతుక్కోబోతున్న మనిషి రొట్టెలో సగమిచ్చింది. ఆ మూడు ఊళ్లలో నాతో ఎవరూ పరుషంగా మాట్లాడలేదు. అలా మాట్లాడి ఉంటే ఈ ప్రయాణం నాకు ఇంకాస్త తేలికయ్యేది.

బస్సులో కూర్చుని నాన్నకు చెప్పాల్సిన మాటలు కూర్చుకున్నాను. పిన్నికి అబద్ధం చెప్పాను, నాన్నకు చెప్పలేను. ఆయన ముద్రలు చదివే మనిషి, ముఖాలూ చదువుతాడు. చిన్నాన్న లేడని చెబుతాను, ఏడుస్తాడు. పేర్లు చూపిస్తాను. జోసెఫ్ అన్న పేరు మీద ఆయన వేలు ఆగుతుంది. ఆ తర్వాత, ఎప్పుడు పోయాడని అడుగుతాడు. మూడేళ్ల కిందట అని చెప్పాలి. కాకినాడ రేవులో ఆ పీపాను తడిమి ఇంటికొచ్చింది పన్నెండేళ్ల కిందట. మధ్యలో తొమ్మిదేళ్లు. అది నేను చెప్పనక్కరలేదు, ఆయనే వేళ్ల మీద లెక్కపెట్టుకుంటాడు.